మాట వినబడు మండపము

ఇల్లు కట్టదలచిన గృహస్థు మొదట గాలిని గూర్చి విచారించును; పిదప వెలుతురును గూర్చి విచారించును. వాకిలి ఏ దిక్కునకు ఉండవలెనో, వంటగది ఏ మూల ఉండవలెనో పెద్దలనడిగి తెలిసికొనును. గోడల రంగును గూర్చి, నేల పరచు రాతిని గూర్చి, వ్రేలాడదీయు దీపములను గూర్చి ఇంటిల్లిపాదియు కూర్చుండి తర్కము చేయుదురు. అయితే కట్టబోవు గదిలో మాట ఎట్లు వినబడునని అడుగువారు అరుదు. నలుగురు మసలు ఇంటిలో ఈ ప్రశ్న అడుగకపోయినను జరిగిపోవును. నాలుగువందలమంది కూడు కళ్యాణమండపములో, నాటకశాలలో, భోజనశాలలో అడుగకపోయినచో జరిగిపోదు. ఆ ప్రశ్నను గూర్చియే ఈనాడు శ్రోతలతో నాలుగు మాటలు ముచ్చటింపదలచినాము. శబ్దముతోనే కాలము గడపు రేడియోవారమగుటచే ఈ విషయమున మాకు కొంత పట్టుదలయు కలదు.

నాదెండ్ల వంటి ఊరిని తలచుకొనుడు. నరసరావుపేటకును చిలకలూరిపేటకును సమీపమున, నల్లరేగడి పొలముల మధ్యనున్న ఈ మండలకేంద్రము గుంటూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. ప్రత్తియు మిరపయు పండు ప్రాంతము. పంట సొమ్ము చేతికి వచ్చి, మాఘ ఫాల్గుణములు ప్రవేశించినవనగా పెండ్లిండ్లు మొదలగును. వెనుకటి తరములలో పెండ్లి అనగా ఇంటిముంగిట తాటాకు పందిరి. నాలుగు రాటలు, పైన ఆకు కప్పు, చుట్టును మామిడి తోరణములు, క్రింద చాపలు. ఆ పందిరికి గోడలు లేవు. పలికిన మాట వినవలసినవారి చెవిలో పడి, మిగిలినది ఆరుబయటికి పోవుచుండెను. ఆకు కప్పు కొంత శబ్దమును తనలో అణచుకొనుచుండెను. పురోహితుడు మామూలు గొంతుతో సంకల్పము చెప్పినను దగ్గర కూర్చున్నవారికి ప్రతి అక్షరము తెలియుచుండెను. శబ్దశాస్త్రము చదువని మన పెద్దలు వేసిన పందిరిలో ఆ శాస్త్రమునకు విరుద్ధమైనది ఏదియు లేదు.

నేడు ఆ పెండ్లి ఊరివెలుపల రోడ్డుప్రక్కనున్న ఫంక్షను హాలునకు చేరినది. ఇందు తప్పుపట్టవలసినది లేదు. ఎండ, వాన, దుమ్ము బాధ తప్పినది. ఇంటివారికి శ్రమ తగ్గినది. కాని పందిరికి లేని ముఖములు హాలునకు కలవు. నేల గ్రానైటు; గోడలకు నున్నని పూత; కప్పునకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అలంకారము; ద్వారములకు అద్దములు. ఇవి చూపునకు ఎంత ముచ్చటయో చెవికి అంత కటువు. మైకులో చదివిన పేరు ఎవరిదో తెలియదు. ప్రక్కకుర్చీలోని వియ్యంకుని కుశలమడుగవలెనన్న అతని చెవివద్దకు వంగి అరవవలెను. గంటసేపు కూర్చుండునప్పటికి తల దిమ్మెక్కును. వచ్చిన బంధువులు అక్షతలు వేసి, నాలుగు మెతుకులు తిని, మాటామంతియు లేకయే బస్సెక్కుదురు. హాలు బాగుగనే ఉన్నదందురు. తమకు ఎందువలన అలసట కలిగినదో వారికి తెలియదు.

గోడలకు చెవులుండునని సామెత. శబ్దశాస్త్రము ఎరిగినవారు గోడలకు నోళ్లు కూడ ఉండునందురు. మన మాట సెకనుకు సుమారు 1,140 అడుగుల వేగముతో పోవును. నూరడుగుల హాలులో వేదికమీద నిలిచి ఒక అక్షరము పలికితిమనుకొనుడు. అది ఎదుటిగోడకు తగిలి మరల మన చెంతకు వచ్చుటకు సెకనులో ఆరవవంతు పట్టును. ఆ లోపల మన నోట రెండవ అక్షరము వెలువడును. మొదటి అక్షరము రెండవదానిమీద పడును. ఇట్లు విడిగా మరలివచ్చునది ప్రతిధ్వని. నేలనుండి కప్పునకు, కప్పునుండి గోడకు, గోడనుండి ఎదుటిగోడకు పదులసార్లు తగిలి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, పలుకుట మానిన పిదప కూడ నిలిచియుండు మ్రోతను అనురణనమందురు. ఈ అనురణనము బొత్తిగా లేకపోయినచో గొంతు పేలవమగును. మితముగ నున్నచో పాటకు నిండుదనము వచ్చును. మితిమీరినచో మాట మీద మాట పేరుకొని, చదివిన కాగితముమీదనే మరల మరల వ్రాసినట్లగును.

ఈ మ్రోతను కొలుచుట నేర్పినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించిన వాలెస్ సేబిన్. 1895లో ఆ విశ్వవిద్యాలయమువారు క్రొత్తగ కట్టిన ఫాగ్ మ్యూజియములోని ఉపన్యాసశాలలో ఉపన్యాసము విద్యార్థులకు బోధపడుట లేదని, దానికి నివారణోపాయము చూడుమని ఆయనను కోరిరి. అందు పలికిన మాట అయిదున్నర సెకనులు నిలిచియుండెడిది. సేబిన్ తన సహాయకులతో, ఊరు సద్దుమణిగిన నడిరేయి వేళల, మరియొక నాటకశాలనుండి ఆసనముల మెత్తలు మోసికొనివచ్చి, ఒక్కొక్క వరుసగ పరచుచు, ఆర్గాను గొట్టమును మ్రోగించి ఎంతసేపటికి శబ్దమణగునో కొలిచెను. తెల్లవారునప్పటికి మెత్తలను మరల యథాస్థానమునకు చేర్చెడివాడు. ఈ శ్రమవలన ఒక చిన్న సూత్రము లభించినది. గది ఘనపరిమాణము పెరిగినకొలది మ్రోత పెరుగును; శబ్దమును పీల్చుకొను వైశాల్యము పెరిగినకొలది మ్రోత తగ్గును. ఆ సూత్రమును బట్టి తీర్చిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరువబడి, నేటికిని లోకములోని ఉత్తమ సంగీతశాలలలో ఒకటిగ పేరొందియున్నది.

సేబిన్ తన కొలతకు మూలముగ తీసికొన్నది ఏమో తెలియునా? తెరచిన కిటికీ. తెరచిన కిటికీనుండి పోయిన శబ్దము తిరిగిరాదు గనుక అది నూటికి నూరుపాళ్లును పీల్చుకొన్నట్లే లెక్క. నున్నని గచ్చుగోడ, పాలరాయి, గ్రానైటు నూటికి రెండు మూడు పాళ్లకు మించి పీల్చవు. నిండుగ బట్టలు ధరించి కూర్చున్న మనిషి ఒక్కరు నాలుగైదు చదరపు అడుగుల తెరచిన కిటికీకి సమానము. అందువలననే ఖాళీ హాలు మ్రోగినంతగ నిండిన హాలు మ్రోగదు.

ఒక లెక్క వేసి చూతము. నూరడుగుల పొడవు, ఏబదియడుగుల వెడల్పు, ఇరువదియడుగుల ఎత్తుగల హాలు మన పల్లెపట్టులందు సామాన్యమే. దాని ఘనపరిమాణము లక్ష ఘనపుటడుగులు. నేల, కప్పు, గోడల వైశాల్యము మొత్తము 16,000 చదరపు అడుగులు. నూటికి మూడుపాళ్ల చొప్పున అవి అన్నియు కలిసి పీల్చునది 480 చదరపు అడుగులకు సమానము. సేబిన్ సూత్రము ప్రకారము ఘనపరిమాణమును 0.049 చే గుణించి ఈ సంఖ్యచే భాగింపగా పది సెకనులు వచ్చును. అనగా తలుపులు మూసిన ఖాళీ హాలులో చప్పట్లు చరచిన, ఆ శబ్దము పదిలక్షలవ వంతునకు క్షీణించుటకు పది సెకనులు పట్టును. మూడువందలమంది వచ్చి కూర్చున్నచో అది రెండు సెకనుల ఏడు పదవ వంతులకు దిగును. ఆరువందల చదరపు అడుగుల కిటికీలు, తలుపులు తెరచియుంచినచో రెండు సెకనులకు దిగును. మాట స్పష్టముగ తెలియవలెనన్న ఇంత హాలులో ఒక సెకను మాత్రమే ఉండవలెను.

ఈ లెక్కలో మనము గమనింపవలసిన విశేషము ఒకటి కలదు. పాత మండపములకు పెద్ద పెద్ద కిటికీలు, వరండాలు ఉండెడివి. అవి గాలికొరకు పెట్టినవే యైనను శబ్దమునకు కూడ దారి చూపినవి. శీతలయంత్రములు వచ్చిన పిదప ఆ కిటికీలు మూతబడినవి. చల్లదనము బయటికి పోకుండ అద్దములు బిగించినాము. శబ్దము కూడ లోపలనే బందీయైనది. సేబిన్ కొలమానమునకే మనము తలుపు వేసినట్లయినది. కిటికీ మూసినవారు ఆ కిటికీ చేయుచుండిన పనిని వేరొకదానికి అప్పగింపవలెను. ఆ పని చేయగలది కప్పు. పైన చెప్పిన హాలులోనే కప్పునంతటిని నూటికి అరువదిపాళ్లు పీల్చగల పలకలతో కప్పినచో, కిటికీలు మూసియున్నను, మూడువందలమందితో కలిపి మ్రోత ఒక సెకనునకు దిగివచ్చును.

మా స్టూడియోలకు వచ్చినవారికి ఈ సంగతి అనుభవమే. రెండు బరువైన తలుపులు దాటి లోనికి అడుగుపెట్టగనే తమ గొంతు తమకే చిన్నదైనట్లు తోచి, ఒకటికి రెండుమార్లు సకిలించి చూచుకొందురు. గొంతు చిన్నది కాలేదు. దానికి రోజూ తోడువచ్చు గోడల గొంతు అణగినది. రంధ్రములు గల పలకలు, వాని వెనుక గాజునూలు దుప్పట్లు ఆ పని చేయుచున్నవి. కళ్యాణమండపమునకు ఇంత నిశ్శబ్దము అక్కరలేదు. ఇందులో పదవవంతు శ్రద్ధ చాలును.

ఈ శ్రద్ధ మనకు క్రొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రము రెండవ అధ్యాయము నాట్యమండప నిర్మాణమును గూర్చినదే. మనుష్యులకు తగిన మండపము 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు ఉండవలెనని, అంతకు మించినచో పాఠ్యము అస్పష్టమై స్వరము చెడునని ఆయన నిర్ణయము. హస్తమునకు అడుగున్నర చొప్పున లెక్కించిన అది 96 అడుగులు, 48 అడుగులు. మనము పైన వేసిన హాలునకును దీనికిని భేదము స్వల్పమే. మండపము కొండగుహ ఆకారమున ఉండవలెనని, కిటికీలు చిన్నవిగ నుండి గాలి దూసుకొనిరాకుండ ఉండవలెనని, అప్పుడే స్వరమునకు గాంభీర్యము వచ్చునని కూడ చెప్పినాడు. లోపల చెక్కడపు పనులుగల కొయ్యసామగ్రిని విధించినాడు. ఎత్తుపల్లములుగల చెక్కడము శబ్దమును ఒకే దిక్కునకు కొట్టక నలుదిక్కులకు చెదరగొట్టునని నేటి శాస్త్రజ్ఞులందురు.

పల్నాటివారికి ఇంకను చేరువైన నిదర్శనము నాగార్జునకొండ. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి అచ్చట నుండెను. సాగరము కట్టనున్నందున 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి పర్యవేక్షణమున జరిగిన త్రవ్వకములలో హారీతి ఆలయమున్న గుట్ట పాదమున ఒక ప్రేక్షాగారము బయల్పడినది. నడుమ దీర్ఘచతురస్రమైన రంగస్థలము. దాని చుట్టును మెట్లుమెట్లుగ పైకి లేచిన ఆసనములు. ఇటుకతో కట్టి రాతిపలకలు తాపిన పని. లోయ నీట మునుగకముందే ఆ కట్టడమును తరలించి, మాచర్ల ప్రాంతములోని అనుపు వద్ద మరల నిలిపినారు. చూడబోయినవారు దానియందలి ఒడుపును గమనింపవలెను. ఆకసమే కప్పు గనుక మ్రోత నిలువదు. మెట్లు ఏటవాలుగ లేచుటచే ముందువాని తల వెనుకవాని చెవికి అడ్డము రాదు. ప్రేక్షకుడు నలువైపుల నుండుటచే ఎవడును రంగమునకు దూరము కాడు. పైసా ఖర్చులేని ఈ మూడు ఉపాయములను కప్పు వేసిన మండపములలో కూడ కొంతవరకు అనుసరింపవచ్చును. వేదికను పొడవైన హాలునకు ఒక కొనలో పెట్టుటకంటె వెడల్పు గోడ నడుమ పెట్టినచో చివరి వరుస దగ్గరకు వచ్చును. కుర్చీలను ఒకింత ఎత్తు పెంచుచు వేసినచో మాట తిన్నగ చేరును.

ఇక భోజనశాల సంగతి. మండపములో మాటలాడువాడు ఒక్కడు, వినువారు వందలు. భోజనశాలలో అందరును మాటలాడువారే. చుట్టును రొద యున్నపుడు మనిషి తనకు తెలియకయే గొంతు పెంచునని 1911లో ఎటియన్ లోంబార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు ప్రకటించెను. ఒకరు పెంచినందువలన ప్రక్కవారు పెంతురు. వారు పెంచినందువలన వీరు మరల పెంతురు. పది నిముషములలో బంతి అంతయు కేకలతో నిండును. వడ్డించువాడు పప్పు కావలెనా అని అడిగిన పులుసు అని వినబడును. స్టీలు గిన్నెల చప్పుడు, ప్రక్కగదిలో అంట్లు తోము చప్పుడు దీనికి తోడు. ఇట్టి గదిలో శబ్దమును పీల్చు వైశాల్యమును రెండింతలు చేసినచో రొద మూడు డెసిబెల్లులు తగ్గును. అది చిన్న సంఖ్యగ తోచును. కాని రొద తగ్గుటచే జనులు గొంతు తగ్గింతురు; గొంతు తగ్గుటచే రొద మరికొంత తగ్గును. పెరిగిన దారినే అది దిగివచ్చును. పట్టణములలోని కాఫీ హోటళ్లకు కూడ ఇదే న్యాయము. గోడలనిండ మెరుగు పలకలు అంటించిన హోటలులో నలుగురు మిత్రులు కూర్చుండి ఒక విషయమును చర్చింపజాలరు.

కట్టబోవువారు మేస్త్రీతోను, ఇంజనీరుతోను ముందుగ మాటలాడవలసినవి కొన్ని కలవు. స్థలము ఎన్నునపుడే రోడ్డుకు కొంత లోపలికి పోవలెను. విద్యుజ్జనకయంత్రము, వంటశాల, అంట్లు తోము చోటు భోజనపు బంతికి ఆనుకొని ఉండరాదు. నడుమ ఒక నడవయో సామానుల గదియో అడ్డముండవలెను. ఎత్తు గొప్పయని కప్పును ఆకసమంటింపరాదు. ఎత్తుతో పాటు మ్రోతయు పెరుగును. గోపురపు కప్పు, గుండ్రని గోడ శబ్దమును అద్దము వెలుతురును కూర్చినట్లు ఒక్కచోట కుప్పవోయును. ఆ చోట కూర్చున్నవానికి చెవులు గింగురుమనును, ప్రక్కవానికి ఏమియు తెలియదు. విజాపురములోని గోల్ గుంబజ్‌లో గోడవద్ద గుసగుసలాడినది ఆవలి దరిని వినబడుట యాత్రికులకు వినోదమే. పెండ్లిపందిట అట్టి వినోదము పనికిరాదు. ఎదురెదురు గోడలు రెండును నున్నగ నున్నచో శబ్దము వానినడుమ బంతివలె ఎగురుచుండును. ఒక గోడయందైనను స్తంభములు, గూళ్లు, కొయ్య చెక్కడములు ఉండవలెను. వేదికకు ఎదురుగనుండు వెనుకగోడను తప్పక మెత్తన చేయవలెను.

మెత్తన చేయుటకు సాధనములు నేడు విరివిగ దొరకుచున్నవి. కొయ్యనారపలకలు, ఖనిజనారపలకలు, రంధ్రములుగల జిప్సమ్ పలకల వెనుక గాజునూలు, దళసరి తెరలు ఇందుకు తగినవి. పలకకును అసలు కప్పునకును నడుమ కొంత ఖాళీ విడిచినచో అవి మరింత బాగుగ పనిచేయును. తెరను గోడకు అంటించినట్లు బిగింపక, జానెడు ఎడముగ, మడతలు మడతలుగ వ్రేలాడదీయవలెను. కోడిగ్రుడ్ల అట్టలు, థర్మోకోల్ పలకలు శబ్దమును మ్రింగునని ఒక భ్రమ కలదు. అవి చేయు మేలు అత్యల్పము. నిప్పంటుకొన్నచో చేయు కీడు అపారము. విడి ప్రత్తి, శుద్ధిచేయని గోనె, నాసిరకపు నురుగు పలకలు కూడ అట్టివే. దీపములు, హోమములు, వందలాది జనము గల చోట మంటకు లోనుగాని సామగ్రినే వాడవలెను. ఈ విషయమున పొదుపు తగదు.

కొందరు హాలులో మాట వినబడుట లేదని లౌడుస్పీకరు పెద్దది తెత్తురు. మ్రోగు గదిలో గొంతు పెంచిన మ్రోత కూడ అంతయు పెరుగునే కాని స్పష్టత పెరుగదు. వేదికకు ఇరువైపుల రెండు పెద్ద పెట్టెలు నిలిపి గర్జింపజేయుటకంటె, హాలు పొడవున చిన్న చిన్న స్పీకర్లను కూర్చున్నవారికి దగ్గరగ అమర్చి, మెల్లగ పలికించుట మేలు. ఆరుబయట వాడువారు 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములను కూడ స్మరింపవలెను. రాత్రి పదింటినుండి ఉదయము ఆరింటివరకు బహిరంగముగ లౌడుస్పీకరు నిషిద్ధము. నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు ఆ నియమముల హద్దు. మన ఇంటి పెండ్లి పొరుగింటి రోగికి శిక్ష కారాదు గదా.

పెండ్లి అన్న తరువాత సందడి ఉండవద్దా అని కొందరడుగుదురు. ఉండవలసినదే. మాంగల్యధారణ సమయమున గట్టిమేళము వాయింపించుట మన ఆచారము. అశుభమైన మాట ఏదియు ఆ క్షణమున చెవిని పడరాదని పెద్దలు ఆ శబ్దమును కోరి ఏర్పరచినారు. ఆ ఒక్క ముహూర్తమున మాట వినబడరాదని విధించినారనగా, తక్కిన సమయమంతయు వినబడవలెననియే వారి తాత్పర్యము. కన్యాదాత చెప్పు మాట, వధూవరులు చేయు ప్రమాణము, అప్పగింతలవేళ తల్లి తగ్గిన గొంతుతో బిడ్డకు చెప్పు బుద్ధులు, ఇవి వినబడని పెండ్లిలో మిగులునది ఛాయాచిత్రములు మాత్రమే. సన్నాయియు డోలును ఆరుబయట ఊరేగింపులందు దూరమునకు వినబడునట్లు తీర్చిన వాద్యములు. వానిని మూసిన హాలులో, అందును మైకు ముందు కూర్చుండబెట్టుట వాద్యమునకును వినువారికిని న్యాయము కాదు.

అందరికంటె ఎక్కువ నష్టపడువారు వృద్ధులు. అరువది యేండ్లు దాటినవారిలో నూటికి ఇరువదియైదుగురికి పైగ వినికిడి లోపముతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అట్టివారికి శబ్దము వినబడకపోవుటకంటె, రొదలోనుండి మాటను వేరుచేసికొనలేకపోవుట పెద్ద కష్టము. నిశ్శబ్దమైన ఇంటిలో చక్కగ మాటలాడు తాతగారు ఫంక్షను హాలులో ఒక మూల కుర్చీలో నవ్వుచు తలయూపుచు కూర్చుందురు. పలుకరించినవారి మాట ఆయనకు అందదు. అందలేదని చెప్పుటకు అభిమానము అడ్డము. నాలుగు ఊళ్ల చుట్టములను చూడవలెనని వచ్చిన మనిషి ఎవరితోను మాటలాడకయే తిరిగిపోవును. ఆయనకు చెవుడు వచ్చినదని మనమందుము. ఆ చెవుడులో కొంత భాగము హాలు కట్టినవారిది.

హాలు బాడుగకు తీసికొనబోవు గృహస్థులకు ఒక చిన్న పరీక్ష చెప్పి విరమింతుము. అలంకారములు చూచిన పిదప, హాలు నడుమ నిలిచి ఒక్కమారు గట్టిగ చప్పట్లు చరచుడు. శబ్దము వెంటనే అణగినదో, గోడలవెంట పరుగులిడినదో చెవి చెప్పును. ఖాళీ హాలు కొంత మ్రోగుట సహజమే గనుక, దానితో తృప్తిపడక, ఇంటి పెద్దను చివరి వరుసలో కూర్చుండబెట్టి, వేదికమీదనుండి పది చుట్టముల పేర్లను మామూలు గొంతుతో వరుసగ చదువుడు. ఆయన ఎన్ని పేర్లు తిరిగి చెప్పగలిగిరో లెక్కించుడు. ఆ పేర్లు ఆయనకు అందినచో ఆ హాలు మీ అతిథులకు తగినది. అందకపోయినచో యజమానికి ఆ మాట మర్యాదగ చెప్పి రండు. పదిమంది అడిగినచో పదునొకండవ హాలు కట్టువాడు ఆలోచించును. నోరు మంచిదైన ఊరు మంచిదని మనవారందురు. ఆ మంచి నోటి మాటను చెడగొట్టని గోడ కూడ ఊరికి అవసరమే.